తెర మీద నా చేతులు

రంగు ముగ్గులన్నీ తెర మీద నల్లగానే పడతాయని మాకు మొదట తెలియదు. ముందురోజు మైక్‌సెట్ షాపులో దీపపు అద్దం మీద వేసి చూసుకున్నది ఒట్టి తెల్ల పిండితోనే. తెలుపు నలుపుగా పడింది, అదీ ఒక అందమే అనుకున్నాం. తెలుపే నలుపైతే మరి పసుపూ ఎరుపూ ఏమవుతాయన్న ఆలోచన చదువుకున్న ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. విజయనగరం బజారులో ఏడు రంగుల పొడులు కొని, ఏడు స్టీలు గిన్నెల్లో పోసుకుని, చున్నీ నడుముకి బిగించి మా మొదటి కార్యక్రమానికి కూర్చున్నాను. పచ్చ పొడితో చిలకని వేశాను. ముక్కుకి ఎరుపు, మెడకి గులాబీ. నా స్నేహితురాలు వయొలిన్ మీద హాయిగా వాయించుకుపోతోంది. ముందు వరసలోంచి ఎవరో పెద్దాయన "కాకి బాగేసినారు" అని మెచ్చుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తలెత్తి తెర వైపు చూస్తే నిజంగానే కాకి. దానికింద నేను ఎంతో ముచ్చటపడి వేసిన మామిడిపండు కూడా నల్లగా, కుళ్ళిపోయినట్టు ఉంది. మిగిలిన ఇరవై నిమిషాలూ ఆ ఏడు గిన్నెల్లో చెయ్యి పెడుతూ, ఏ రంగు పెట్టినా ఒకటేనని తెలిసి కూడా, పెట్టాల్సిన రంగే పెట్టాను. అంత మొండిదాన్ని.

మా సాధనం ఒక పాత ఓహెచ్‌పీ, అంటే ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు. టీచర్ ట్రైనింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి వాడేవారు. కింద పెద్ద దీపం, దాని మీద అద్దం, అద్దానికి పైన ఒక కమ్మీకి బిగించిన కటకం. అద్దం మీద ఏం పెడితే అది పదింతలై గోడ మీద పడుతుంది. కంప్యూటరు ప్రొజెక్టర్లు వచ్చాక ఎవరో దాన్ని పాత సామాను కింద అమ్మేస్తుంటే మైక్‌సెట్ అతను తెచ్చి తన షాపులో పెట్టుకున్నాడు. నేను ట్రైనింగ్ చదివిన రోజుల్లో దాని మీద భాగహారం నేర్పించాను కాబట్టి ఆ షాపులో దాన్ని గుర్తుపట్టింది నేనే. వయొలిన్‌కి మైకు అద్దెకి కావాలని నా స్నేహితురాలితో కలిసి ఆ షాపుకి వెళ్ళిన రోజు అది. ఊరికే దీపం వేయించి అద్దం మీద పిండితో రెండు గీతలు గీశాను. ఎదురుగోడ మీద మనిషెత్తున గీతలు లేచాయి.

నా స్నేహితురాలు సంగీత కళాశాలలో వయొలిన్ చదివింది. కోటబొమ్మాళి దగ్గర వరి పండించే ఇంటి పిల్ల. నేనూ ఆమే విజయనగరంలో ఒకే గదిలో నాలుగేళ్ళు అద్దెకున్నాం. నేను ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని, ఆమె పిల్లలకి సంగీతం ట్యూషన్లు చెప్పేది. మైక్‌సెట్ అతను మాకంటే రెండేళ్ళు చిన్న, మా వైపు అక్కని పిలిచినట్టు మమ్మల్ని ఇద్దర్నీ అప్పా అని పిలిచేవాడు. వాళ్ళది బాప్టిస్టు చర్చికి వెళ్ళే కుటుంబం. చిన్నప్పటి నుంచీ క్రిస్మస్ నాటకాలకి తెరలూ దీపాలూ కట్టిన చెయ్యి అతనిది. కాకి సంగతి జరిగిన సాయంత్రం నేను మూతి ముడుచుకుని కూర్చుంటే అతనే విషయం విడమరిచి చెప్పాడు.

"రంగు పడాలంటే ఎలుతురు దాన్లోంచి దూరాలప్పా. పిండిలోంచి ఏటి దూరతాది?"

మర్నాడు చేపల తొట్లు చేసే షాపులో పల్చటి అద్దపు పళ్ళెం ఒకటి చేయించుకొచ్చాడు. అందులో నీళ్ళు పోసి, మిఠాయిల్లో వేసే రంగు చుక్కలుగా వదిలి, పైన కొంచెం నూనె వేస్తే తెరంతా కదిలేది. దాని మీద ఇంకో అద్దం పెట్టి నేను ముగ్గు గీసేదాన్ని. వెనక రంగులు కదులుతుంటే ముందు నల్లగీతలు పుట్టేవి. అలా మా పని కుదిరింది. రంగునీళ్ళు అతనివి, గీత నాది, పాట ఆమెది. మృదంగానికి మాత్రం ఎప్పటికప్పుడు ఎవరో ఒకర్ని పిలుచుకునేవాళ్ళం.

మా కార్యక్రమాలు చాలావరకు మధ్యాహ్నాలే. బడి వార్షికోత్సవాలు, చర్చి హాళ్ళు, కల్యాణమండపాలు. కిటికీలకి నల్లగుడ్డలు కట్టి చీకటి చేసుకునేవాళ్ళం. బయట ఎండ మాడిపోతుంటే లోపల ఆ దీపం వేడి నా మొహానికి కింద నుంచి కొట్టేది. ఒకసారి శ్రీకాకుళంలో నా గడ్డం మీది చెమట చుక్క జారి అద్దం మీద పడింది. తెర మీద పెద్ద బుడగ లేచి పగిలింది. జనం చప్పట్లు కొట్టారు. వాన పాట కదా, వాన చుక్క వేశాననుకున్నారు. ఆ తరవాత ప్రతి వాన పాటకీ చుక్క వెయ్యమని అతను గొడవ చేసేవాడు. నీళ్ళు వేస్తే ఆ బుడగ రాదని వాదన. చెమటే కావాలట.

పని చేసినంతసేపూ నేను తెర చూడను, జనాన్ని చూడను. తల వంచి అద్దాన్నే చూస్తాను, పాట వింటాను. ఆమె స్వరాన్ని సాగదీస్తే గీత సాగుతుంది, ఆమె తిరిగితే గీత తిరుగుతుంది. ఆమె ఏ చోట ఎంతసేపు ఉంటుందో ఆమెకే తెలియదు, కాబట్టి నాకూ తెలియదు. చివర్లో నేను బొమ్మ మొత్తాన్ని అట్టముక్కతో తుడిచేస్తాను. గీతలు తెల్లటి వెలుతుర్లోకి కొట్టుకుపోతాయి. దానికి ఆమె ఒక నియమం పెట్టింది.

"ఒసే, నువ్వు తుడిసేదాకా నాను కమాను తియ్యను. నువ్వెంతసేపు లాగితే నానంతసేపు లాగుతాను."

అందుకని పాట చివర్లో ఆమె మెడ తిప్పి వెనక్కి చూసేది. తెర వైపు కాదు, నా వైపు. తలెత్తకపోయినా ఆమె చూస్తోందని నాకు తెలిసేది. నెమలి పింఛంలో ఇంకా రెండు కళ్ళు మిగిలి ఉంటే ఆమె ఆ ఆఖరి స్వరాన్ని అలాగే పట్టుకుని, చిన్న చిన్న గమకాలు వేస్తూ నా కోసం ఆగేది. నా మొత్తం జీవితంలో నా కోసం ఇంకెవరూ అంత బాగా ఆగలేదు. ఇది గొప్పకి చెప్పడం లేదు.

కార్యక్రమం అయ్యాక నిర్వాహకులు వయొలిన్‌కి శాలువా కప్పేవారు, మృదంగానికి కప్పేవారు. మైక్‌సెట్ అతనికి ఒక్కోసారి దండం పెట్టేవారు. నన్ను మాత్రం ఎవరో ఇంటి పిల్ల సాయానికి వచ్చిందనుకునేవారు. చేతులకీ మొహానికీ పిండి అంటుకుని ఉండేది మరి. నాకు కోపం వచ్చేది కానీ నిలిచేది కాదు. బస్సులో ముగ్గురం ఒకే సీట్లో ఇరుక్కుని తిరిగొచ్చేటప్పుడు ఆమె ఆ శాలువా తీసి నా ఒళ్ళో పడేసేది.

రాష్ట్రం విడిపోయిన తరవాత కొన్నాళ్ళకి నాకు ప్రభుత్వ టీచరు ఉద్యోగం వచ్చింది. సాలూరు దాటి కొండల వైపు ఒక చిన్న బడి. ఇంట్లో అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. వెళ్ళే ముందు ఆఖరి కార్యక్రమంలో మైక్‌సెట్ అతను తెరకెదురుగా కెమెరా నిలబెట్టి నెమలి పాట మొత్తం వీడియో తీశాడు. గుర్తుగా ఉంటుందన్నాడు. నాకు మర్నాడు పొద్దున్నే ఉద్యోగంలో చేరాలన్న తొందర. ఆ రోజు పింఛం పూర్తి చెయ్యకుండానే తుడిచేశాను. ఆమె నవ్వేసి కమాను ఆపింది.

సాలూరులో గది తీసుకున్నాను. అది లారీల ఊరు. నా గది పక్కనే లారీ బాడీలు కట్టే షెడ్డు. పొద్దున్నే సుత్తి మొదలయ్యేది, నేను బడి నుంచి వచ్చేసరికి ఇంకా ఆ సుత్తే. ఇల్లుగలావిడ మంచిదే గానీ ఆవిడకి సీరియళ్ళున్నాయి. బడిలో నేనూ ఇంకో మాస్టారూ. ఆయన నాలుగయ్యేసరికి బండెక్కి వెళ్ళిపోయేవారు. ఆదివారాలు నేను ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా గడిపిన సందర్భాలున్నాయి. సోమవారం పిల్లలకి పాఠం మొదలుపెడితే గొంతు బొంగురుగా వచ్చేది. అంత ఒంటరితనం అంతకుముందు నాకు తెలియదు. ఇంట్లో ఫోన్ చేస్తే బాగున్నాననే చెప్పేదాన్ని.

మొదట్లో రెండుసార్లు శనివారం బస్సెక్కి వెళ్ళి కార్యక్రమాలు చేశాను. మూడోసారి బడికి అధికారులు వస్తారని కబురొచ్చింది. ఆమెకి ఫోన్ చేశాను.

"శనివారం ఆఫీసర్లు వస్తన్నారటే. రాలేను."

"అయ్యో. మరేటి సేద్దాం?"

ఆ ప్రశ్నకి నా మనసులో ఒకటే జవాబుంది. నువ్వు లేకుండా ఎలాగే, పెట్టినవాళ్ళనడిగి కార్యక్రమం పై వారానికి మార్చుకుంటాం అని ఆమె అనాలి. అనడానికి ఆమెకి సందివ్వాలి కదా. ఇవ్వలేదు. నోటికొచ్చింది అనేశాను.

"మొన్న తీసిన వీడియో ఉన్నాది కదా. అదేసుకోండి."

"అవునే. అది బావుంటాది. సరే, అలాగే సేస్తాం."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. వేసుకోండి అన్నది నేనే. వాళ్ళు వేసుకోకూడదని అనుకున్నదీ నేనే. ఆదివారం మా వాట్సాప్ గ్రూపులో ఫొటోలు వచ్చాయి. చాలా బాగా జరిగిందప్పా, నువ్వే ఉన్నట్టుంది అని అతను రాశాడు. నేను చేతులు జోడించే బొమ్మ ఒకటి పెట్టాను.

ఆ తరవాత వాళ్ళు నన్ను పిలవడం మానేశారనడం అన్యాయం. కార్యక్రమం ఉందని ప్రతిసారీ గ్రూపులో పెట్టేవారు. వస్తావా అని మాత్రం అడిగేవారు కాదు. ఇబ్బంది పెట్టకూడదనుకున్నారు. నేను వస్తానని రాసేదాన్ని కాదు. అడిగితేనే వెళ్దామనుకున్నాను. ఇలా ఆరేడు నెలలు నడిచింది. ఈ మధ్యలో అతను, అప్పటిదాకా అద్దెకి తెస్తున్న కంప్యూటరు ప్రొజెక్టరుని సొంతంగా కొన్నాడు. ఓహెచ్‌పీ దీపం పోయిందట, కొత్త దీపం దొరకలేదట. ఆ సంగతి కూడా ఫొటోలో కనిపిస్తే నేనే అడిగి తెలుసుకున్నాను.

ఒక శనివారం బడికి సెలవొచ్చింది. విజయనగరంలో మధ్యాహ్నం వాళ్ళ కార్యక్రమం. చెప్పకుండా బస్సెక్కాను. ఏమనుకుని ఎక్కానో దాచను. నన్ను చూసి వాళ్ళు వీడియో ఆపేస్తారని, రావే రా అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోతారని అనుకున్నాను. సంచిలో ముగ్గుపిండి డబ్బా కూడా పెట్టుకున్నాను. అద్దం కూడా లేని చోటికి పిండి పట్టుకెళ్ళిన మనిషిని నేనే.

బస్సు ఆలస్యమై హాలుకి చేరేసరికి మొదలైపోయింది. నల్లగుడ్డల చీకట్లో తడుముకుంటూ ఆఖరి వరసలో ఒక ముసలావిడ పక్కన కూర్చున్నాను. తెర మీద నెమలి మెడ వంపు తిరుగుతోంది. నా చేతులు నీడలుగా కనిపిస్తున్నాయి. అవి ఎవరివో చెప్పడం కష్టమే, కానీ ఎడమ మణికట్టు దగ్గర తాడు ముడి ఇంత లావున పడుతోంది. ఆ తాడు నాకు మా అమ్మ కట్టింది, అప్పటికే తెగిపోయింది. ఆ చేతులు నాకంటే నమ్మకంగా కదులుతున్నాయి. ఎక్కడా తడబాటు లేదు. నా వేళ్ళు నా ప్రమేయం లేకుండానే ఒళ్ళో సంచి మీద అదే వంపు తిప్పుతున్నాయి.

పక్కనావిడ నా వైపు వంగింది. "ఏ పిల్లో గాని సెయ్యి బాగా తిరిగిందమ్మా. ఎక్కడ కూకుంది? కనపడదేటి?"

"లోపలెక్కడో ఉంటాది మామ్మా" అన్నాను. నేనే అని చెప్తే పిచ్చిదనుకునేది.

అప్పుడు నా స్నేహితురాల్ని చూశాను. ఆమె కాళ్ళ దగ్గర లాప్‌టాప్ పెట్టుకుంది. కళ్ళు దాని మీదే. ఒకప్పుడు పాట మధ్యలో ఎటెటో తిరిగొచ్చే మనిషి ఇప్పుడు నేరుగా వెళ్తోంది. ఆ పాటలో కింది స్వరాల దగ్గర ఆమెకి ఒక చోటుంది, అక్కడికి వెళ్తే తొందరగా వచ్చేది కాదు. ఆ రోజు అక్కడికి వెళ్ళినట్టే వెళ్ళి వెంటనే వచ్చేసింది. వీడియోలో ఆ సమయానికి నేను రెక్క మొదలుపెట్టేశాను మరి. పింఛం రానే వచ్చింది. సగంలో నా నీడ చేతిలోకి అట్టముక్క వచ్చింది. నెమలిని తుడిచేసింది. సరిగ్గా అదే క్షణంలో ఆమె కమాను ఆపింది. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. ఎన్నిసార్లు సాధన చేస్తే అంత కుదురుతుందో నాకు తెలుసు. మెడ తిప్పలేదు. వెనక ఎవరున్నారని తిప్పాలి?

జనం చప్పట్లు కొట్టారు. పక్కనావిడ కూడా కొట్టింది. నాకు ఏడుపొచ్చింది, చీకట్లో ఏడ్చాను.

జనం వెళ్ళాక వేదిక దగ్గరికి వెళ్ళాను. ఆమె వయొలిన్ తీగల మీద రాలిన కమాను పొడి తుడుస్తోంది. నన్ను చూసి మొహం వికసించింది, అది అబద్ధం కాదు.

"ఎప్పుడొచ్చేవే? సెప్పలేదేటి?"

"సెలవొచ్చింది. వచ్చేను."

మైక్‌సెట్ అతను వైర్లు చుట్టుకుంటూ వచ్చాడు. "సూసేవా అప్పా? నువ్వు లేకపోయినా నువ్వున్నట్టే ఉంటాది. జనానికి తేడాయే తెలవదు."

అతను ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం ఎక్కడో తగిలింది. తగిలినప్పుడు నేను ఎదటివాళ్ళ ముందు ఏడవను, వాళ్ళ మీద పడతాను. చిన్నప్పటి నుంచీ అంతే.

"ఆ వీడియో తీసెయ్" అన్నాను.

"ఏటప్పా?"

"తీసెయ్. నా సేతులు. నాకిష్టం లేదు."

అతను ఆమె వైపు చూశాడు. ఆమె గుడ్డ పక్కన పెట్టి నన్ను చూసింది. అడుగుతుందేమోనని ఎదురుచూశాను. ఎందుకే అని అడిగితే చాలు, మొత్తం చెప్పేసేదాన్ని. నన్నెందుకు రమ్మనలేదు, ఆరు నెలలు నేను లారీ షెడ్డు పక్కన ఏం చేస్తున్నాననుకున్నారు, అని పోట్లాడేదాన్ని. పోట్లాడితే నెగ్గేదాన్ని కూడా. సంచిలో డబ్బా ఉంది.

"దాని సేతులు కదరా. తీసెయ్" అంది ఆమె.

అతను లాప్‌టాప్ తెరిచి నా ముందే తీసేశాడు. పెన్‌డ్రైవులోంచి తీశాడు. "ఫోన్లోది కూడానా అప్పా?" అని అడిగాడు. అదీ అన్నాను. ఫోన్ నా చేతికిచ్చాడు, నువ్వే తీసుకో అన్నట్టు. నేనే నొక్కాను. ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

"తిన్నావా?" అంది ఆమె.

"తిన్నాను" అన్నాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. సాయంత్రం బస్సుకి సాలూరు వచ్చేశాను.

గ్రూపు నెమ్మదిగా మూగబోయింది. పండగలకి పువ్వుల బొమ్మలు వచ్చేవి, అంతే. వాళ్ళకి నా మీద కోపం వచ్చిందనుకున్నాను. కోపమైతే బాగుండునని కూడా అనుకున్నాను. కోపం వచ్చినవాళ్ళు ఏదో ఒక రోజు దులిపేస్తారు, అప్పుడు మాటలు మొదలవుతాయి. ఎన్నోసార్లు ఫోన్ తీసి ఆమె నంబరు దాకా వెళ్ళి ఆగిపోయాను. తప్పు నాది అనడానికి నోరు రాలేదు, తప్పు వాళ్ళదని అనడానికి న్యాయం లేదు.

దాదాపు ఏడాది తరవాత ఒక ఆదివారం ఆమే ఫోన్ చేసింది. నేను గదిలో బట్టలు మడతపెడుతున్నాను. పక్క షెడ్డుకి సెలవు కాబట్టి ఆమె గొంతు స్పష్టంగా వినిపించింది. ఏదో పెళ్ళిలో వాయించి వస్తోందట, బస్సులో ఉందట.

"ఇప్పుడు తెరా లేదు, ఏటీ లేదే. ఒట్టినే కూకుని వాయిస్తన్నాను. మొదట బయమేసింది గాని, ఇప్పుడదే బావున్నాది. నాకిష్టమొచ్చినంతసేపు ఉంటన్నాను. ఆ వీడియో ఎనకాల పరిగెట్టి పరిగెట్టి సెయ్యి పాడైపోయేది నాకు."

"మంచిదే" అన్నాను.

"నువ్వొచ్చి తీయించేవు కాబట్టి సరిపోయింది. మన మైక్‌సెట్టోడు కూడా అదే అంటాడు." కండక్టరుకి టిక్కెట్టు డబ్బులిచ్చి మళ్ళీ అందుకుంది. "ఆ రోజు మాకు అర్తమైందిలే. నువ్వింక ఈ పని సెయ్యనని సెప్పడానికే అంత దూరం వచ్చేవని. నోటితో అన్లేక వీడియో తీసెయ్ అన్నావు. ఉజ్జోగం, దూరం, నీ కస్టం మాకు తెలవదేటి. అందుకే మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అవునా?"

నేను చేతిలో ఉన్న చీరని మళ్ళీ విప్పి, అంచులు కలిపి, మొదటి నుంచి మడతపెట్టాను. ఆమె అవతల ఆగి ఉంది. ఆమెకి తొందరేమీ లేదు.

"అవునే" అన్నాను. "అందుకే వచ్చేను."